చెవిలో బొత్తం: మార్గరెటె ష్టైఫ్ జీవితకథ

బొమ్మతో ఆడుకోకుండా పెరిగిన పిల్లలు ఎక్కడా ఉండరు. మన ఊళ్ళలోనైతే కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్క పిడతలు, నిర్మల్ కొయ్య బొమ్మలు. ఎన్ని సముద్రాలు దాటి వచ్చినా సంక్రాంతికో, దసరాకో కొలువు తీర్చడానికి నాలుగు బొమ్మలు సూట్‌కేసులో సర్దుకు తెచ్చుకుంటాం. జర్మనీలో పుట్టి పెరుగుతున్న మన పిల్లల చేతుల్లో మాత్రం మరో బొమ్మ తరచుగా కనిపిస్తుంది. మెత్తటి బొచ్చుతో ముద్దొచ్చే ఎలుగుబంటి పిల్ల. దాని ఎడమ చెవి పట్టుకుని చూడండి. చిన్న లోహపు బొత్తం, దాని కింద ఒక పట్టీ ఉంటాయి. ఆ బొత్తం వెనుక చక్రాల కుర్చీలో జీవితమంతా గడిపిన ఒక మహిళ కథ ఉంది.

ఈనాడు వ్యాపారం పెట్టేవాళ్ళందరూ బ్రాండ్ గురించి మాట్లాడుతున్నారు. కొట్టు తెరవకముందే లోగో గీయిస్తున్నారు. ఈ మాటలేవీ వాడుకలో లేని కాలంలో, ఓ చిన్న ఊళ్ళో కూర్చుని, ప్రపంచమంతా గుర్తుపట్టే పేరు సంపాదించిన మార్గరెటె ష్టైఫ్ గురించి మన ప్రవాసాంధ్రులు తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

గీంగెన్ ఊరి పాప

స్టుట్‌గార్ట్‌కు తూర్పున, ఉల్మ్ నగరానికి ఉత్తరంగా బ్రెంట్స్ అనే చిన్న నది ఒడ్డున గీంగెన్ అనే ఊరుంది. అప్పటికి ఏకీకృత జర్మనీ ఇంకా ఏర్పడలేదు. ఆ ప్రాంతం వుర్టెంబర్గ్ రాజ్యం కింద ఉండేది. 1847 జూలై 24న ఆ ఊళ్ళో ఒక మేస్త్రీ ఇంట మార్గరెటె పుట్టింది. తండ్రి ఫ్రీడ్రిష్ ఇళ్ళు కట్టించేవాడు. మరీ, పౌలీనె ఆమెకు అక్కలు, ఫ్రిట్స్ తమ్ముడు.

ఏడాదిన్నర వయసులో పాపకు తీవ్రంగా జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. కుడి చేయి పైకెత్తాలంటే నొప్పి. అది పోలియో. దానికి టీకా రావడానికి ఇంకా నూరేళ్ళకు పైగా పట్టింది. తల్లిదండ్రులు ఆశ చావక తిరగని చోటు లేదు. 1856లో లూడ్విగ్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రిలో చూపించారు. తరువాత వేడినీటి బుగ్గలకు పేరుపడ్డ వీల్ట్‌బాట్‌కు పంపారు. ఫలితం లేకపోయింది.

అయినా ఆ పిల్ల ఇంటి మూల కూర్చుని ఏడవలేదు. తోబుట్టువులు, ఇరుగుపొరుగు పిల్లలు చేతి బండిలో కూర్చోబెట్టి బడికి లాక్కెళ్ళేవారు. బడి మెట్లు ఎక్కించాలంటే ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. వీధిలో పిల్లలంతా ఆమె చుట్టూ చేరేవారు. తను పరుగెత్తలేదు కాబట్టి కూర్చుని ఆడే ఆటలు కనిపెట్టి వాళ్ళను ఆడించేది. పిల్లలకు ఏది నచ్చుతుందో ఆమెకు తెలిసింది అక్కడే అనిపిస్తుంది.

పదిహేడో ఏట ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. ఇక నయమవుతుందన్న ఆశతో వైద్యుల చుట్టూ తిరగడం మానెయ్యాలి, ఉన్నదానితోనే బతకాలి అనుకుంది. ఆ వెతుకులాటే మనశ్శాంతిని హరిస్తోందని తరువాతి కాలంలో రాసుకుంది.

మిషను తిప్పి పెట్టుకున్న అమ్మాయి

కుడి చెయ్యి సరిగ్గా పనిచేయని ఆడపిల్ల కుట్టుపని నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్ళకు నమ్మకం కుదరలేదు. మార్గరెటె పట్టుబట్టి కుట్టు బడిలో చేరింది. మొదట్లో కుట్టు వంకర పోయేది. అయినా వదలక నేర్చుకుంది. జిథర్ అనే తంత్రీ వాద్యం కూడా నేర్చి, నలుగురికి నేర్పింది. అక్కలు పెట్టిన ఆడవాళ్ళ బట్టల కుట్టు దుకాణంలో తనూ కూర్చుంది.

ఆ ఇంటికి కుట్టు మిషను వచ్చింది. ఆ ఊరికి అదే మొదటి మిషనని చెబుతారు. మిషను చక్రం కుడి చేత్తో తిప్పేలా ఉంటుంది. ఆమె కుడి చేతికి ఆ శక్తి లేదు. అందుకని మిషనునే వెనక్కి తిప్పి పెట్టించుకుని, ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ కుట్టింది. తరువాత ఆమె వ్యాపారం చేసిన తీరంతా ఈ ఒక్క పనిలోనే కనిపిస్తుంది. వస్తువుకు తగ్గట్టు మనిషి మారనక్కర లేదు, మనిషికి తగ్గట్టు వస్తువును మార్చాలి!

1874లో తండ్రి ఇల్లు మార్చి కట్టి ఆమెకు సొంత పని గది ఏర్పాటు చేశాడు. గీంగెన్‌లో ఫెల్ట్ తయారుచేసే మిల్లు బంధువులదే. ఫెల్ట్ అంటే నేయకుండా ఉన్నిని అదిమి చేసే దళసరి గుడ్డ. కత్తిరిస్తే అంచులు చీలిపోవు, రంగులు బాగా పడతాయి. ఆ గుడ్డతో లోపావడాలు, పిల్లల కోట్లు కుట్టి అమ్ముతూ 1877లో మార్గరెటె తన పేరున దుకాణం తెరిచింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చక్రాల కుర్చీలో ఉన్న మహిళ నలుగురికి పని చూపించగలదని ఆ రోజుల్లో ఎవరూ ఊహించి ఉండరు.

సూదుల దిండు బొమ్మయింది

1879 డిసెంబరులో ఒక ఫ్యాషన్ పత్రికలో చిన్న ఏనుగు నమూనా ఆమె కంటబడింది. ఫెల్ట్‌తో ఆ ఏనుగును కుట్టి, లోపల గొర్రె ఉన్ని కూరింది. గుండుసూదులు గుచ్చుకునే దిండుగా పనికొస్తుందని చేసి, బంధువులకు, స్నేహితులకు కానుకగా ఇచ్చింది. పెద్దవాళ్ళు సూదులు గుచ్చేలోపే పిల్లలు వాటిని లాక్కుని ఆడుకోవడం మొదలెట్టారు. ఆ కాలంలో బొమ్మలంటే కొయ్యవి, రేకువి, లేదా పింగాణీ తలల బొమ్మలు. కింద పడితే పగులుతాయి, గీసుకుంటే గాయమవుతుంది. పక్కలో పెట్టుకుని పడుకోదగ్గ మెత్తటి బొమ్మ పిల్లలకు కొత్త.

ఏది అమ్మాలో కొనేవాళ్ళే చెప్పారు. మార్గరెటె విన్నది. చేసిన గొప్ప పని అదే. తమ్ముడు ఫ్రిట్స్ ఆ ఏనుగులను పక్క ఊరు హైడెన్‌హైమ్ సంతకు తీసుకువెళ్ళి అమ్మాడు. 1886 నాటికి 5,000 పైచిలుకు ఏనుగులు అమ్ముడయ్యాయి. ఏనుగు వెంట కోతి, గాడిద, గుర్రం, ఒంటె, కుక్క, పిల్లి వచ్చాయి. 1892లో బొమ్మలతో జాబితా అచ్చు వేశారు. 1893లో బొమ్మల కర్మాగారంగా నమోదు చేయించారు. ప్రతి కొత్త నమూనానూ ముందు తనే చేసి చూసేది, తనకు నచ్చితేనే బయటికి పోనిచ్చేది. పిల్లలకు ఇచ్చే వస్తువు అన్నిటికంటే మేలైనదై ఉండాలి, అంతకు తక్కువది ఇవ్వకూడదు అన్నది ఆమె నియమం. ఆ కంపెనీ ఈనాటికీ ఆ నియమాన్నే తన మాటగా చెప్పుకుంటుంది.

అమెరికా వెళ్ళిన ఎలుగుబంటి

ఫ్రిట్స్ కొడుకులు ఒకరి తరువాత ఒకరు మేనత్త పనిలో చేరారు. వారిలో రిషార్డ్ స్టుట్‌గార్ట్‌లో కళలు చదువుకున్నవాడు. అక్కడి జంతు ప్రదర్శనశాలలో ఎలుగులను చూస్తూ బొమ్మలు గీసేవాడు. 1902లో కాళ్ళు, చేతులు కదిలే బొచ్చు ఎలుగును తయారుచేశాడు. దాని పేరు 55 పీబీ. 55 సెంటీమీటర్ల ఎత్తు, ప్లష్ గుడ్డ, కదిలే అవయవాలు అని దాని అర్థం. అంత పెద్ద ఎలుగును పిల్లలు కొంటారా అని మేనత్తకు సందేహం. అయినా మేనల్లుడికి అడ్డు చెప్పలేదు.

1903లో లైప్‌జిగ్ సంతలో దానిని పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ చెప్పుకునే కథ ప్రకారం, చివర్లో ఒక అమెరికా వ్యాపార ప్రతినిధి వచ్చి 3,000 ఎలుగులు కావాలన్నాడు. అదే సమయంలో అమెరికాలో మరో సంగతి జరిగింది. 1902 నవంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వేటలో కట్టేసి ఉన్న ఎలుగును కాల్చనన్నాడు. దానిపై పత్రికలో కార్టూన్ వచ్చింది. బ్రూక్లిన్‌లో మోరిస్ మిచ్‌టమ్ అనే దుకాణదారు ఆ స్ఫూర్తితో ఎలుగు బొమ్మ చేసి, రూజ్‌వెల్ట్ ముద్దుపేరు టెడ్డీ దానికి పెట్టాడు. ఇలా ఒకే కాలంలో రెండు దేశాల్లో ఒకరికొకరు తెలియకుండా ఎలుగు బొమ్మ పుట్టింది. పేరు అమెరికాది. గిరాకీ మాత్రం గీంగెన్‌ను ముంచెత్తింది.

1907లో ఒక్క ఏడాదిలో 9,74,000 ఎలుగులు చేశారు. కర్మాగారంలో 400 మంది, ఇళ్ళ దగ్గర కుట్టి ఇచ్చేవాళ్ళు 1,800 మంది. వీరిలో అధిక భాగం ఆడవాళ్ళే. కుట్టేవారికి వెలుతురు బాగా రావాలని 1903లోనే ఉక్కు చట్రాలకు గాజు పలకలు బిగించి కర్మాగార భవనం కట్టారు. లోపల ఆడపిల్లలు పనిచేసుకుంటూ బయటికి కనిపించడంతో ఊరివాళ్ళు దానికి కన్నెపిల్లల అక్వేరియం అని సరదాగా పేరు పెట్టారు. ఆ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

పిట్ట కొంచెం, కూత ఘనం

మంచి సరుకు వెంట నకిలీ నీడలా వస్తుంది. ష్టైఫ్ బొమ్మలను చూసి చాలామంది అలాంటివే చౌకగా చేయడం మొదలెట్టారు. చూడటానికి అలాగే ఉంటాయి, నాలుగు రోజులకు కుట్లు ఊడిపోతాయి. నింద మాత్రం అసలువాళ్ళకు వస్తుంది. కాగితం చీటీ అంటిస్తే చిరిగిపోతుంది. 1904లో మరో మేనల్లుడు ఫ్రాంజ్ ఉపాయం చెప్పాడు. ప్రతి బొమ్మ చెవికీ లోహపు బొత్తం బిగించాలి. మొదటి బొత్తాల మీద తొండమెత్తిన ఏనుగు బొమ్మ ఉండేది. సూదుల దిండుగా పుట్టిన ఆ మొదటి ఏనుగే ఇంటి గుర్తయింది. తరువాత ష్టైఫ్ అన్న పేరు వచ్చింది. 1905లో చెవిలో బొత్తం అన్నది వ్యాపార చిహ్నంగా నమోదైంది.

ఇక్కడ వరస గమనించాలి. దుకాణం 1877లో, మొదటి ఏనుగు 1879లో, బొత్తం 1904లో. అంటే మార్గరెటె పాతికేళ్ళు ముందు సరుకును నిలబెట్టింది, ఆ తరువాతే దానికి గుర్తు వేసింది. మనవాళ్ళు పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. ఆమె విషయంలో ఊరు ముందు బాగుపడింది, పేరు వెనుక వచ్చింది. ఇంకొకటి, ఆ బొత్తం కొనేవాళ్ళకు ఎంత భరోసానో చేసేవాళ్ళకు అంత బాధ్యత. బొమ్మ చెడిపోతే ఎవరిని అడగాలో దాని చెవిలోనే రాసి ఉంది! తప్పించుకునే దారి లేదు.

1906లో కంపెనీని పరిమిత బాధ్యత సంస్థగా మార్చి మేనల్లుళ్ళకు అప్పగించింది. 1909 మే 9న న్యుమోనియాతో గీంగెన్‌లోనే కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 61 ఏళ్ళు.

ఆమె వెళ్ళిపోయిన తరువాత

ఆ మొదటి 55 పీబీ ఎలుగుల్లో ఒక్కటీ ఈనాడు మిగిలినట్టు లేదు. వాటి తరువాతి కాలపు ఎలుగు ఒకటి 1994లో లండన్ వేలంలో 1,10,000 పౌండ్లకు అమ్ముడయింది. పాతబడిన బొమ్మలను బాగుచేసి ఇచ్చే ఆసుపత్రి లాంటి విభాగాన్ని కంపెనీ నడుపుతోంది. తాత ఆడుకున్న ఎలుగు చెవి ఊడితే మనవడి కోసం కుట్టి ఇస్తారు. కొన్న రోజుతో సంబంధం తెగిపోదు. గీంగెన్‌లో 2005లో ప్రదర్శనశాల తెరిచారు.

అలాగని అంతా నల్లేరు మీద బండి నడక కాదు. ఖర్చు తగ్గుతుందని 2004లో కొంత తయారీని చైనాకు పంపారు. ఆశించిన నాణ్యత కుదరక వెనక్కి తెస్తామని 2008లో ప్రకటించారు. 2014లో ఐరోపా సమాజ న్యాయస్థానం, చెవిలో బొత్తం ఉండే చోటునే ఐరోపా అంతటికీ చిహ్నంగా నమోదు చేయమన్న కోరికను తోసిపుచ్చింది. మెత్తటి బొమ్మలకు బొత్తాలు, పట్టీలు ఉండటం మామూలేనని, అది చూసి కొనేవారు తయారీదారును గుర్తుపడతారని చెప్పలేమని భావించింది. బొత్తం ఎక్కడ పెట్టాలో చట్టం కాపాడినా కాపాడకపోయినా, బొత్తం వెనుక ఉన్న పనిని కాపాడుకోవలసింది కంపెనీయే.

మనం తెలుసుకోవలసింది

కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో మన కళాకారులు తరతరాలుగా బొమ్మలు చేస్తున్నారు. వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అయితే మన కొలువులో ఉన్న ఆ అంబారీ ఏనుగును చెక్కిన మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? ఊరి పేరు ఉంది, చేసిన చేతి పేరు లేదు. నకిలీ వస్తే పోల్చుకునే గుర్తు కొనేవారి చేతిలో లేదు. గీంగెన్ కూడా కొండపల్లి లాంటి చిన్న ఊరే. తేడా తెచ్చింది ఆ చిన్న బొత్తమే.

మన యువతరంలో ఎందరో జర్మనీలో, అమెరికాలో సొంత వ్యాపారాలు మొదలెడుతున్నారు. భోజనశాల అయినా, పచ్చళ్ళ వ్యాపారమైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా అందరికీ పేరు కావాలి. ఆ తొందరలో ఉన్నవారు ఈసారి ఉల్మ్ వైపు వెళ్ళినప్పుడు గీంగెన్‌లో ఒక పూట ఆగండి. పిల్లల్ని కూడా తీసుకువెళ్ళండి. వచ్చేటప్పుడు ఎలుగు కొనకపోయినా ఫర్వాలేదు. పిల్లలు దేనిని చేతిలోకి తీసుకుని వదలడం లేదో కాసేపు చూసి రండి. మార్గరెటె వ్యాపారం మొదలయింది ఆ చూపుతోనే.