అపరాధములను పసిగట్టిన అవ్వ

1928వ సంవత్సరమున లండను నగరమున ఒక నాటకము ప్రదర్శితమయ్యెను. రెండేండ్లకు పూర్వము వెలువడి పాఠకులను దిగ్భ్రాంతులను గావించిన రోజర్ ఆక్రాయిడ్ హత్య యను నవలకు అది రంగస్థల రూపము. ఆ నవలలో కరోలిన్ అను పాత్ర యొకటి కలదు. ఆమె వయసు మీరిన అవివాహిత, పల్లెటూరి వైద్యుని అక్క. గడప దాటకయే ఊరి గుట్టంతయు రాబట్టుట ఆమె నేర్పు. పాలవాడును పనికత్తెయు ఆమెకు వేగులవారు. నాటకమున ఆమె కానరాలేదు. ఆమె స్థానమున అందగత్తెయైన ఒక పడుచు నిలిచెను. వయసు చెల్లిన కన్యను రంగస్థలముమీద చూడ నెవరు వత్తురని నాటకమువారు తలచిరి కాబోలు. నవలారచయిత్రి అగాథా క్రిస్టీకి మాత్రము ఈ మార్పు మిక్కిలి ఖేదము కలిగించెను.

అగాథా 1890 సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండు నైరుతి భాగమున, సముద్రతీరమందలి టార్కీ పట్టణమున జన్మించెను. తండ్రి ఫ్రెడరిక్ మిల్లర్ అమెరికా దేశీయుడు. ఎనిమిదేండ్లు వచ్చువరకు పిల్లలకు చదువు నేర్పరాదని తల్లి క్లారా అభిప్రాయము. ఐదవయేటనే ఆ బాలిక తనంతట తాను చదువ నేర్చి తల్లి సిద్ధాంతమును తలక్రిందులు చేసెను. పదునొకండవయేట తండ్రి గతించెను. లండను చెంత ఈలింగులో ఒక ముసలమ్మ యుండెడిది. ఆమె తండ్రికి సవతి తల్లి, తల్లికి పెంపుడు తల్లి. ఎంతటి పెద్దమనిషియందైనను కీడెంచుట ఆమె స్వభావము. చిత్రమేమనగా, ఆమె ఎంచిన కీడు తరచుగా నిజమగుచుండెను. మనుమరాలు ఆ సంగతి మరువలేదు.

1914లో అగాథా ఆర్చిబాల్డ్ క్రిస్టీ యను సైనికోద్యోగిని వివాహమాడెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున టార్కీ ఆసుపత్రిలో క్షతగాత్రులకు పరిచర్య చేసి, పిమ్మట మందులశాలలో పనికి కుదిరెను. ఏ విషము ఎంత మోతాదున ప్రాణము తీయునో అచ్చటనే నేర్చెను. కొందరు ప్రచురణకర్తలు త్రిప్పిపంపిన తరువాత తొలి నవల 1920లో వెలువడెను.

1926 ఆమెపాలిట క్రూరమైన సంవత్సరము. తల్లి మరణించెను. భర్త తాను వేరొక స్త్రీని ప్రేమించితినని చెప్పి విడాకులు కోరెను. డిసెంబరు 3వ తేదీ రాత్రి ఆమె కారులో ఇల్లు వెడలి అదృశ్యమయ్యెను. పోలీసులును జనులును ఊరూర వెదకగా, పదునొకండు దినములకు హారొగేట్ పట్టణమున ఒక హోటలులో మారుపేరుతో కనబడెను. ఆ దినములను గూర్చి తన ఆత్మకథలోనైనను ఆమె నోరు విప్పలేదు. పత్రికల ఊహలను ఇచట తిరిగి వ్రాయ నక్కరలేదు. 1928లో విడాకులు మంజూరయ్యెను. ఇక రచన ఆమెకు వేడుక కాదు, జీవనాధారము.

ఈ కష్టకాలముననే మిస్ మార్పిల్ పుట్టెను. తొలి కథ 1927 డిసెంబరులో ఒక మాసపత్రికలో వెలువడెను. నాటకమున తొలగింపబడిన కరోలిన్ నుండియే మార్పిల్ ఉద్భవించెనని రచయిత్రి ముదిమిలో తలపోసెను. నాటకము రంగమెక్కుటకు కొన్ని నెలల ముందే కథ వచ్చినది గనుక ఆ జ్ఞాపకము తేదీలతో చక్కగా పొసగదు. ఐనను ఆ ఇద్దరికిని గల చుట్టరికము స్పష్టమే.

ఆ తొలి కథను చూడుడు. మార్పిల్ ఇంట కొందరు కూడి, తమకు తెలిసిన వింత నేరములను వంతులవారీగా చెప్పుకొని చిక్కు విప్పవలెనని నిశ్చయింతురు. వారిలో ఒక నవలాకారుడు, ఒక చిత్రకారిణి, ఒక న్యాయవాది, ఒక మతగురువు, స్కాట్లండ్ యార్డునకు ఒకప్పటి అధిపతి కలరు. తలలు లెక్కించి ఐదుగురమని తేల్తురు. చలిమంట చెంత ఉన్ని అల్లుచు కూర్చున్న ఇంటి యజమానురాలిని లెక్కింప మరతురు! తానును ఉన్నానని ఆమెయే మెల్లగా గుర్తు చేయవలసివచ్చెను. కడకు చిక్కు విప్పినది ఆమెయే.

ఈ కథలందలి హాస్యమంతయు ఇచటనే యున్నది. హత్య జరిగినను నెత్తురు తక్కువ, తేనీటి విందులెక్కువ. మార్పిల్‌కు తుపాకి లేదు, పరుగు లేదు. అల్లిక సూదులు, పూలతోట, పక్షులను చూచు నెపమున చేతబట్టు దూరదర్శిని ఆమె సాధనములు. సెయింట్ మేరీ మీడ్ అను కల్పిత గ్రామము విడిచి ఆమె ఎరిగిన లోకము స్వల్పము. అంగడినుండి ఇల్లు చేరులోపల ఎవరో యిల్లాలి రొయ్యలు మాయమైన ముచ్చట యామెకు పెద్ద నేరములంతటి ఆలోచన కలిగించును. మానవస్వభావము ఎల్లెడల ఒక్కటే యని ఆమె ఎరుగును. అధికారులు మొదట చిరునవ్వు నవ్వుదురు. పాఠకునకు ఆమె శక్తి తెలియును గనుక, ఆ నవ్వువారిని చూచి అతడు నవ్వును.

ఆ నవ్వు వెనుక ఒక బాధ లేకపోలేదు. యుద్ధము లక్షలకొలది యువకులను బలిగొనుటచే ఆనాటి ఇంగ్లండులో పెండ్లికాక మిగిలిన స్త్రీలు పెక్కుమంది. పత్రికలు వారిని మిగులు స్త్రీలని పేర్కొనెను. అట్టి దేశమున, లెక్కకు రాని ఒక ముసలి కన్య అందరికన్న ముందు సత్యమును కనుగొనుట కేవలము వినోదమని కొట్టివేయదగినది కాదు.

1930లో తొలి మార్పిల్ నవల వచ్చెను. ఆ యేటనే, ఇరాకులోని ఉర్ తవ్వకములయొద్ద పరిచితుడైన పురాతత్త్వవేత్త మాక్స్ మాలోవన్‌ను అగాథా పెండ్లాడెను. ఆయన ఆమెకంటె వయసున చిన్నవాడు. ఈ దాంపత్యము కడవరకు నిలిచెను. 1961 మొదలు వచ్చిన చలనచిత్రములలో మార్గరెట్ రూథర్‌ఫర్డ్ మార్పిల్ వేషము ధరించెను. ఆ చిత్రములు అగాథాకు రుచింపలేదు. ఐనను 1962లో ఒక మార్పిల్ నవలను ఆ నటికే అంకితమిచ్చెను.

1976 జనవరి 12వ తేదీన అగాథా కన్నుమూసెను. దశాబ్దములకు పూర్వమే వ్రాసి దాచియుంచిన మార్పిల్ నవల ఆ సంవత్సరమే వెలువడెను. అందు హంతకుడొక యువతి గొంతు నులుమబోవు క్షణమున అవ్వ తోటనుండి మెట్లెక్కి వచ్చును. ఆమె చేతనున్నది గులాబీల పురుగు వదలించుటకు సబ్బునీరు నింపిన చిమ్మనగ్రోవి. దానినే హంతకుని కన్నులలో కొట్టును.