కాపలా లేని డేరా



కిందటి నెలలో కోవెలకుంట్ల వైపు నుండి ఒక సహోదరుడు నా దగ్గరకు వచ్చాడు. ఆయన తండ్రి పాత కక్షల్లో ప్రాణం పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడు పొలం గట్టు తగాదా ఒకటి ముదిరి ఈయనకూ బెదిరింపులు మొదలయ్యాయి. ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవాలనుకుంటున్నాడు. విశ్వాసి తుపాకీ పట్టవచ్చునా అన్నది ఆయన ప్రశ్న. అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ప్రార్థన చేసి పంపించాను. ఆ రాత్రి నాకు జ్ఞాపకం వచ్చినవాడు రెండు వందల ఏండ్ల క్రితం మన కడప, కర్నూలు దారుల్లో గుర్రం మీద తిరిగిన సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో పట్టణంలో పుట్టాడు. తండ్రి పొగాకు వ్యాపారి. చిన్ననాడు జబ్బు చేయడం వలన మన్రోకు వినికిడి కొంత తగ్గింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం కష్టాల్లో పడింది. కుమారుడు కుంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఆ ఏడే హైదరాలీ దండెత్తి వచ్చాడు. అది మొదలు యుద్ధరంగమే అతనికి బడి అయింది. కాబట్టి మన్రో తుపాకీ అంటే ఎరుగని సాధువు కాడు. అది ఏమి చేయగలదో కళ్లారా చూసినవాడు. తరువాత బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ దగ్గర భూమిశిస్తు పని నేర్చుకున్నాడు. అక్కడి నుండి కెనరాకు వెళ్లి, 1800లో మన ప్రాంతానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు.

1928లో నంద్యాలలో రాయలసీమ అని పేరు పెట్టుకొనక ముందు మన ప్రాంతాన్ని దత్తమండలాలు అనేవారు. 1800లో నిజాము బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు ప్రాంతంలో కొంత భాగాన్ని కుంపెనీకి వదిలేశాడు. అప్పుడు ఇక్కడ సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి కింద 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లు ఉన్నారని లెక్క. ఈ పాలెగాండ్రలో చాలామంది పని మొదట కావలి కాయడమే. ఊరికి దొంగల భయం లేకుండా చూసినందుకు కావలి రుసుము తీసుకునేవారు. కాలం గడిచేకొద్దీ కాపాడే కత్తే దోచుకునే కత్తి అయింది. రుసుము ఇవ్వని ఊరికి కావలివాడి వలననే భయం పట్టుకుంది. రక్షణకని చేతపట్టిన ఆయుధం బ్రతుకుతెరువుగా మారితే ఏమవుతుందో మన సీమ ఆనాడే చూసింది.

అలాంటి నేలమీద మన్రో ఏడేండ్లు పనిచేశాడు. బంగళా కట్టుకొని అందులో కూర్చోలేదు. ఏండ్ల తరబడి డేరాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు. తన చుట్టూ సిపాయిల కాపలా పెట్టుకోలేదు. ఇది ధైర్యం చూపించుకోవడానికి చేసిన పని కాదు. తుపాకులు పట్టిన సిపాయిలు ఊరిలోకి వస్తే రైతు ఇంటి తలుపు వేసుకుంటాడు. కోళ్లు, గడ్డి, కట్టెలు ఎత్తుకుపోతారేమోనని వణుకుతాడు. అలా వణికేవాడు తన చేను ఎంత పండిందో, తన కడుపు ఎంత కాలిందో చెప్పడు. ప్రతి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతికి రైతు నోరు విప్పడం అవసరం. వినికిడి తగ్గిన ఆ మనిషి వినడం కోసమే కాపలాను దూరం పెట్టాడు.

అయితే సత్యం సగమే చెప్పడం మనకు తగదు. మన్రో దగ్గర తుపాకీ లేకపోయినా అతని వెనుక జనరల్ క్యాంబెల్ సైన్యం ఉంది. లొంగని పాలెగాండ్రను ఆ సైన్యమే అణచింది. 1801లో ఇప్పటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్‌లో శిస్తు వసూలు విషయమై ఊరివారు తిరగబడితే సైన్యం ఆ కోటను ముట్టడించింది. ఇరువైపులా రక్తం చిందింది. అతడు వేయించిన శిస్తు కూడా తేలికైనది కాదు. నాలుగో వంతు తగ్గించాలని 1807లో వెళ్లిపోతూ తానే సిఫారసు చేశాడు. 1820లో మద్రాసు గవర్నరు అయ్యాకనే ఆ తగ్గింపు అమలుకు వచ్చింది. తన తప్పును తానే సరిదిద్దుకునే అవకాశం అందరికీ దొరకదు. దొరికినప్పుడు అతడు దానిని విడిచిపెట్టలేదు.

1827లో పదవి విడిచి స్వదేశానికి పోయే ముందు తన పాత మండలాలను ఒకసారి చూడాలని బయలుదేరాడు. గుత్తి దాటేసరికి బసలో కలరా కనిపించింది. జూలై 6న పత్తికొండలో మన్రోకు సోకింది. ఆ రాత్రికే కన్నుమూశాడు. ఈసారి గవర్నరు హోదాలో వచ్చాడు గనుక వెంట పరివారం ఉంది. వారెవరూ ఆ శత్రువును ఆపలేకపోయారు. గుత్తిలో సమాధి చేశారు. తరువాత 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి ఆ అవశేషాలను తరలించారు. పత్తికొండలో ఆయన పేర చెట్లు నాటించి మెట్ల బావి తవ్వించారు. సీమ తల్లిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. అధికారికి భయపడేవారు అతని పేరు బిడ్డకు పెట్టుకోరు.

దీనికి ఎదురుగా మరొక సంగతి చూడండి. మన్రో చనిపోయిన పన్నెండేండ్లకు, 1839లో, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో కుప్పలుగా ఆయుధాలు బయటపడ్డాయి. ఆ ఆయుధాలు ఆయనను కాపాడలేదు. అవే ఆయన రాజ్యం పోవడానికి కారణమయ్యాయి. తిరుచిరాపల్లిలో ఖైదీగా ఉంటూ 1840లో ఒక కత్తిపోటుకు బలయ్యాడు. ఫిరంగులు దాచినవాడి ప్రాణం ఒక చిన్న కత్తి తీసింది.

ఇప్పుడు మన సహోదరుని ప్రశ్నకు వద్దాం. లేఖనములలో ఇద్దరు దైవజనులు కనిపిస్తారు. ఎజ్రా యెరూషలేముకు బయలుదేరినప్పుడు రాజును కాపలా అడగడానికి సిగ్గుపడి ఉపవాస ప్రార్థనతో వెళ్లాడు. నెహెమ్యా రాజు పంపిన సైనికులను కాదనలేదు. గోడ కట్టేవారి చేతికి ఆయుధమిచ్చి నిలబెట్టాడు కూడా. ఇద్దరూ విశ్వాసులే. కాబట్టి లైసెన్సు తీసుకోవడమే పాపమని నేను చెప్పను. తీసుకున్న రోజు నుండి మీ మీద పడే బాధ్యత ఎంతో చెప్పాలి.

మొదటిది, అవసరం నిజమైనదై ఉండాలి. పరువు కోసమో, పెండ్లి ఊరేగింపులో చూపించుకోవడానికో అయితే వద్దు. సంబరాల్లో నిర్లక్ష్యంగా తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. రెండవది, ఎంతవరకు ఎదిరించాలో తెలిసి ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి. అయితే రక్షణకు కావలసిన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు ఇవ్వవు. నిర్గమకాండము 22వ అధ్యాయము కూడా చీకటిలో కన్నం వేసే దొంగను కొట్టడానికీ, సూర్యుడు ఉదయించాక కొట్టడానికీ మధ్య గీత గీసింది. పారిపోతున్నవాడి వీపు మీద పేల్చినది ఆత్మరక్షణ కాదు.

మూడవది, భద్రపరచడం. ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే పడినవాని రక్తం ఆ ఇంటిమీద ఉంటుందని ధర్మశాస్త్రము హెచ్చరించింది. తుపాకీకి తాళం, తూటాలకు వేరే తాళం, ఇవే దాని పిట్టగోడ. బిడ్డల చేతికి, తాగినవాని చేతికి, కోపంలో ఉన్న మన చేతికి కూడా అది అందకూడదు. కొడవలి పట్టిన చేతికి ఆలోచించుకోవడానికి నాలుగు అడుగుల దూరమైనా ఉంటుంది. ట్రిగ్గరు మీది వేలికి అదీ ఉండదు. గెత్సేమనేలో పేతురు కత్తి మల్కు చెవిని నరికింది. ప్రభువు ఆ చెవిని బాగుచేశాడు. తూటా తగిలినవాని తల్లికి మనం ఏమి బాగుచేసి ఇవ్వగలం?

నాలుగవది, అవసరం తీరాక వదిలిపెట్టడం. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులు స్టేషనులో అప్పగించమని చెప్పినప్పుడు ఇస్తున్నాం గదా. తగాదా తీరిన రోజున కూడా అలాగే అప్పగించే మనసు ఉండాలి. లేకపోతే కావలి రుసుముకు అలవాటుపడిన పాలెగాడికీ మనకూ తేడా లేదు.

ఆ సహోదరునికి మరల కబురు చేశాను. దరఖాస్తు ఆయన ఇష్టం. అయితే ముందు పోలీసు స్టేషనులో బెదిరింపుల గురించి ఫిర్యాదు ఇవ్వమన్నాను. ఆ గట్టు అవతలివానితో మాట్లాడటానికి సంఘ పెద్దలను వెంటబెట్టుకొని నేనూ వస్తానన్నాను. మేము వెళ్లే రోజున ఎవరి నడుముకూ ఏమీ ఉండదు. అవతలివాడు తలుపు తీయాలంటే అదొక్కటే దారి. మన్రో డేరా నాకు నేర్పినది అదే.

మన సీమలో తండ్రి లేని ఇండ్లు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఇంకొకటి చేరకుండా ప్రభువు మన గట్లను, మన గుండెలను కాపాడును గాక. ఆమేన్.