రాకెట్ బండెక్కిన డాక్టరు.. కారు సీటు కింద సెన్సరు

కొత్త కారు కొన్నామంటే మన గోదావరి జిల్లాల్లో రెండు పనులు తప్పవు. ఒకటి అన్నవరం తీసుకెళ్లి పూజ చేయించడం, రెండోది సీటు కవర్లు వేయించడం. ఎండాకాలం ఉబ్బరానికి చెమట, వానాకాలం చేలగట్ల బురద.. కంపెనీ ఇచ్చిన గుడ్డ సీటు ఎన్నాళ్లని ఆగుతుంది? రాజమండ్రిలోనో, తణుకులోనో, భీమవరంలోనో యాక్సెసరీస్ షాపు ముందు కారు ఆపితే ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని పూట తిరగకుండా రెక్సిన్ కవర్లు బిగించి పంపేస్తారు. ఎంత బిగుతుగా వేస్తే అంత మంచి పనివాడని పేరు.

అయితే ఆ బిగింపు కింద, కొన్ని కార్లలో, ఒక సెన్సరు ఉంటుంది. ఎదురుగా డ్యాష్‌బోర్డులో ఉన్న ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాలా వద్దా అన్నది అది చెప్పే బరువును బట్టే తేలుతుంది. ఆ లెక్కను కవరు చెడగొట్టగలదు. సెన్సరు బాగానే ఉన్నా దాన్ని అమర్చిన తీరులో తేడా వస్తే ఏమవుతుందో 1949లోనే ఒకాయనకు బాగా తెలిసొచ్చింది. ఆయన మెకానిక్ కాదు, ఇంజినీరూ కాదు. డాక్టరు. పేరు జాన్ పాల్ స్టాప్.

డబ్బుల్లేక పన్నెండేళ్లు

స్టాప్ 1910 జులై 11న బ్రెజిల్‌లోని బహియాలో పుట్టారు. అమ్మానాన్నలు అమెరికా నుంచి వెళ్లిన బాప్టిస్టు మిషనరీలు. నలుగురు అన్నదమ్ముల్లో ఈయనే పెద్ద. చదువు కోసం టెక్సస్ వచ్చారు. 1928 క్రిస్మస్ సెలవుల్లో చుట్టాలింట్లో ఒక పసిబిడ్డ నిప్పుల్లోకి పాకి కాలిపోయింది. రాత్రీ పగలూ పక్కనే ఉండి చూసుకున్నా మూడు రోజులు గడవకుండానే ప్రాణం పోయింది. డాక్టరు కావాలన్న పట్టుదల ఆ గదిలో పుట్టిందే.

పట్టుదల ఉంటే చాలదు కదా, ఫీజులు కట్టాలి. బేలర్ యూనివర్సిటీలో 1931లో డిగ్రీ, మరుసటేడు జంతుశాస్త్రంలో ఎంఏ పూర్తయ్యాయి. మెడిసిన్‌కు చేతిలో డబ్బు లేదు. కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు. 1940లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ తీసుకున్నారు. ఎండీ పట్టా చేతికొచ్చేసరికి 1944. అంటే ఎంఏ అయ్యాక పన్నెండేళ్లు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఇంకో ఏడాది పోయిందని ఇంట్లో మొహం చూపించలేకపోతున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవచ్చు. చెప్పాలంటే ఆ ఆలస్యమే ఆయనకు కలిసొచ్చింది. శరీరం గురించి డాక్టరుకు తెలిసేదీ, బలాల గురించి భౌతికశాస్త్రం చదివినవాడికి తెలిసేదీ రెండూ ఒక్క బుర్రలో ఉన్న మనిషి అప్పట్లో అరుదు.

అదే ఏడాది సైన్యంలో చేరారు. 1946లో విమానదళం వైద్య ప్రయోగశాలలో పడ్డారు. బాగా ఎత్తులో ఎగిరే పైలట్లకు ఒంట్లో గాలి బుడగలు కట్టి కీళ్లు పట్టేసే జబ్బు ఉండేది. బయల్దేరే ముందు అరగంట స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది రాదని తేల్చారు. ఆ పరీక్షల్లోనూ విమానమెక్కి కూర్చున్నది ఆయనే.

పద్దెనిమిది జీ గీత

విమానం కూలినప్పుడు మనిషి ఎంత కుదుపు తట్టుకోగలడు? అప్పటి పుస్తకాల్లో జవాబు 18 జీ. బస్సు డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే ముందుకు తూలిపడతామే, అది ఒక జీ కూడా ఉండదు. 18 జీ అంటే 70 కిలోల మనిషి ఆ క్షణానికి 1,260 కిలోలు తూగినట్టు. అంతకుమించితే ఎలాగూ బతకడు కాబట్టి సీట్లూ బెల్టులూ అంతకంటే గట్టిగా చేయడం దండగని విమానాలు కట్టేవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో ఎవరూ సరిగ్గా కొలిచి చూడలేదు.

1947లో కాలిఫోర్నియా ఎడారిలోని మురాక్ స్థావరంలో, 600 మీటర్ల పట్టాల మీద నడిచే రాకెట్ బండిని స్టాప్‌కు అప్పగించారు. బండి పేరు గీ విజ్. ముందు దాని మీద ఆస్కార్ ఎయిట్‌బాల్ అనే బొమ్మను కూర్చోబెట్టి పరుగెత్తించి, పట్టాల చివర టక్కున ఆపేవాళ్లు. బొమ్మ విరిగిందో లేదో చెప్పొచ్చు కానీ దానికి కళ్లు తిరిగాయా, ఊపిరి ఆడిందా అన్నది తెలియదు. అందుకని 1947 డిసెంబరు 10న స్టాప్ తానే ఎక్కి కూర్చున్నారు. మొదట వీపు ముందుకు పెట్టి, అంటే వెనక్కి తిరిగి కూర్చుని. ఏడాది తిరక్కుండా 35 జీ దాకా వెళ్లారు. పక్కటెముకలు విరిగాయి, మణికట్టు రెండుసార్లు విరిగింది, పళ్లలో పెట్టించుకున్న సిమెంటు ఊడిపోయింది. ఖాళీ దొరికితే ఆ ఎడారి స్థావరం చుట్టుపక్కల కుటుంబాలకు వైద్యం చేసేవారు.

సున్నా వచ్చిన రోజు

స్టాప్ గురించి రాసేవాళ్లంతా ఆయన వేగం గురించే రాస్తారు. నాకైతే ఆయన జీవితంలో అంతకన్నా పెద్ద సంగతి ఒక సున్నా అనిపిస్తుంది.

బండి ఎంత జోరుగా ఆగిందో కొలిచే పరికరాల మీద అనుమానాలు వచ్చాయి. 1949లో ఎడ్వర్డ్ మర్ఫీ అనే ఇంజినీరు ఓహైయో నుంచి కొత్త సెన్సర్లు పట్టుకొచ్చారు. వాటిని స్ట్రెయిన్ గేజ్‌లంటారు. పని చాలా తేలిక. లోహం మీద ఒక సన్నని తీగ అంటించి ఉంటుంది. బరువు పడి లోహం వెంట్రుకవాసి సాగితే తీగా సాగుతుంది, అందులో విద్యుత్తుకు నిరోధం మారుతుంది. ఆ మార్పే కొలత. వాటిని బండిలో మనిషిని పట్టి ఉంచే పట్టీలకు అమర్చారు. రాకెట్ పేలింది, బండి పరుగెత్తింది, ఆగింది. రీడింగు చూస్తే సున్నా.

సెన్సర్లు చెడిపోలేదు. తీగల్ని తిరగేసి కలిపారు, అంతే. ఆ సెన్సరును రెండు రకాలుగా బిగించే వీలుంది, బిగించినవాళ్లు తప్పు రకాన్ని ఎంచుకున్నారు. ప్రాణాలకు తెగించి చేసే పనిలో ఒక పరుగు వృథా.

మర్ఫీ ఆ చిరాకులో అన్న మాటే తర్వాత మర్ఫీ సూత్రమై లోకమంతా తిరిగింది. తప్పు జరిగే వీలుంటే అది జరిగే తీరుతుందన్నది దాని సారం. మొదట ఎవరి నోట ఏ రూపంలో వచ్చిందన్నదాని మీద ఆ బృందంలోనే తర్వాత పేచీలు నడిచాయి. మనం దాన్ని దురదృష్టం మీద వేసే జోకుగా వాడుకుంటాం. స్టాప్ అలా తీసుకోలేదు. పరుగుకు ముందే ఎక్కడెక్కడ ఏ తప్పు జరగొచ్చో అన్నీ రాసుకుని ఒక్కొక్కటే మూసుకుంటూ రావడం ఆయన పద్ధతి. ఇన్ని పరుగుల్లో ఎవరి ప్రాణమూ పోకపోవడానికి కారణం అదేనని విలేకరుల సమావేశంలో చెప్పారు. ఆ సూత్రం బయటి ప్రపంచానికి తెలిసింది అలాగే.

విమానాల్లోంచి కార్లలోకి

1953లో న్యూమెక్సికోలోని హాలోమన్ స్థావరానికి మారారు. అక్కడి బండి సోనిక్ విండ్. మొదటిసారి రాకెట్ బండెక్కిన రోజుకు సరిగ్గా ఏడేళ్ల తర్వాత, 1954 డిసెంబరు 10న, తొమ్మిది రాకెట్లు అయిదు సెకన్లలో ఆయన్ని గంటకు 1,017 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లాయి. 1.4 సెకన్లలో బండి ఆగిపోయింది. ఒంటి మీద పడిన కుదుపు 46.2 జీ. కళ్లలో రక్తనాళాలు చిట్లాయి. చూపు పోయిందనే అనుకున్నారు, మెల్లగా తిరిగొచ్చింది. అప్పటికి వయసు 44. మరుసటేడు టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యారు.

ఆ పేరును ఆయన వాడుకున్న తీరు చూడాలి. విమానాలు కూలి పోతున్నంత మంది సిబ్బంది కారు ప్రమాదాల్లోనూ పోతున్నారని ఆయన గమనించారు. పాత కార్లు తెప్పించి, బొమ్మల్ని కూర్చోబెట్టి గుద్దించడం మొదలుపెట్టారు. 1955 మేలో హాలోమన్‌లో 26 మందితో ఒక సమావేశం పెట్టారు. స్టాప్ కార్ క్రాష్ కాన్ఫరెన్స్ అన్న పేరుతో అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది. 1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రత చట్టం మీద సంతకం పెడుతున్నప్పుడు స్టాప్ అక్కడే ఉన్నారు. 1970లో కర్నల్‌గా పదవీ విరమణ చేశారు. 1999 నవంబరు 13న, 89వ ఏట, న్యూమెక్సికోలోని అలమొగోర్డోలో కన్నుమూశారు.

సీటు బరువు తూస్తోంది

ఆయన బతికుండగానే ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. 1998 మోడల్ నుంచి అమెరికాలో కార్లన్నింటికీ ముందు రెండు సీట్లకూ తప్పనిసరి అయ్యాయి. రెప్పపాటులో మూడో వంతు కూడా పట్టదు, బ్యాగు నిండిపోతుంది. పెద్దవాళ్లను కాపాడే ఆ విసురే చిన్నపిల్లలకు ప్రాణాంతకమైంది. 1990 నుంచి 2008 వరకు అక్కడ తక్కువ వేగంతో జరిగిన ప్రమాదాల్లో ముందు ఎయిర్‌బ్యాగు తాకిడికే 290 మందికి పైగా చనిపోయారు. చాలావరకు 1998కి ముందు తయారైన బండ్లలో. దాంతో సీటులో ఎవరున్నారో తెలుసుకుని, పిల్లలైతే బ్యాగును ఆపేసే ఏర్పాటు వచ్చింది.

అది కొన్ని కార్లలో సీటు స్పాంజి కింద ద్రవం నింపిన తిత్తి. కొన్నింటిలో ఒత్తిడిని పసిగట్టే పల్చటి చాప. ఇంకొన్నింటిలో సీటు ఫ్రేము నాలుగు మూలలా స్ట్రెయిన్ గేజ్‌లు. అవును, మర్ఫీ తెచ్చిన జాతివే. ఫ్యాక్టరీలో వీటికి సున్నా ఎక్కడో నిర్ణయించేది ఆ సీటు, ఆ స్పాంజి, ఆ గుడ్డతోనే. తర్వాత మనం పైన రెండంగుళాల మెత్త వేస్తే బరువు చెదిరి తక్కువగా చూపించొచ్చు. పెద్దమనిషి కూర్చున్నా పిల్లాడనుకుని బ్యాగు ఆగిపోతుంది. కవరు తాళ్లు సీటు కిందినుంచి బలంగా లాగి కడితే స్పాంజి నొక్కుకుపోయి ఎక్కువ చూపించొచ్చు. అప్పుడు పిల్లాడి మీదికి బ్యాగు తెరుచుకునే ప్రమాదం. కొక్కేలు సీటు కింద తీగల్లో చిక్కుకుంటే లెక్కే అందదు.

మన దగ్గర డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి, పక్క సీటుకు కొత్త మోడళ్లలో 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ఇక్కడి చాలా కార్లలో పక్క సీటు కింద ఉన్నది బెల్టు పెట్టుకోలేదని మోగించే సెన్సరు మాత్రమే. బరువు చూసి బ్యాగును ఆపేది ఖరీదైన వాటిలోనే ఎక్కువ. కొన్నింటిలో తాళంచెవితో ఆపే స్విచ్ ఉంటుంది. ఆ మోగుడు కూడా పడదని ఉత్తి క్లిప్ కొని గుచ్చేవాళ్లున్నారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి అలాంటి క్లిప్పుల ప్రకటనలు 13 వేలకు పైగా తీయించింది.

మామూలు కార్లలోనూ వచ్చే చిక్కు ఇంకోటుంది. ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లలో పక్క బ్యాగులు సాధారణంగా ముందు సీటు వీపు అంచులోనే ఉంటాయి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ అని చిన్న లేబులు కుట్టి ఉంటుంది. దాని మీదుగా గట్టి రెక్సిన్ కవరు తొడిగితే బ్యాగు బయటికి రావడం ఆలస్యమవుతుంది, లేదా దారి తప్పుతుంది. ఆ చోట విడిపోయే కుట్టు ఉన్న కవర్లు దొరుకుతాయి. కారుతో వచ్చిన మాన్యువల్‌లో సీటు కవర్ల గురించి ఏం రాశారో చదివాకే పని మొదలుపెట్టాలి. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ దీపం ఉన్న కారైతే కవరు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి మనిషిని కూర్చోబెట్టి చూడాలి. తేడా వస్తే కవరు తీసేయాల్సిందే, యజమాని ఎంత ముచ్చటపడ్డా సరే.

స్టాప్ తొలి పరుగులతో పసిపిల్లలకూ సంబంధముంది. వెనక్కి తిరిగి కూర్చుంటే కుదుపు వీపంతా పరుచుకుని ఒళ్లు బాగా తట్టుకుంటుందని ఆ పరుగుల్లో తేలింది. పసిబిడ్డల సీట్లు వెనక్కి తిరిగి ఉండటంలో సూత్రమూ అదే. కానీ ఆ సీటును ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో పెట్టకూడదు. వెనక సీట్లోనే పెట్టాలి.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు ఒక దారి. ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలు ఇంకో దారి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ రేటింగులు అమల్లోకి వచ్చాక కార్లను గుద్దించి చూసే పని పెరిగింది. పుణె, మానేసర్, చెన్నై దగ్గరి ఒరగడంలో పరీక్ష కేంద్రాలున్నాయి. అక్కడి బొమ్మల ఒంటినిండా సెన్సర్లే. కారును గోడకు గుద్దించే ముందు ఆ సెన్సర్లు సరైన దిక్కునే చూపిస్తున్నాయా, ఎక్కడైనా తీగ తిరగబడిందా అని చూడటం అక్కడ రోజూ ఉండే పని.