దూరవిద్యకు దారి వేసిన రాంరెడ్డి

ఢిల్లీ కార్యాలయాల్లో కూర్చుని ఆన్‌లైన్ చదువులకు ప్రణాళికలు రచించేవారు ఒకసారి అండమాన్ పటంలో ఆస్టినాబాద్ ఎక్కడున్నదో వెతికి చూడటం మంచిది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు చేరువలోని ఊరది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. 2020 మార్చిలో కళాశాలలు మూతపడి పాఠాలు అంతర్జాలంలోకి మారినప్పుడు దీవులకు ప్రధాన భూభాగంతో ఉపగ్రహ సంబంధమే ఆధారం. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి ప్రారంభించినది ఆ యేడు ఆగస్టు 10న. బండి ముందు కదిలింది. బాట అయిదు నెలల తరువాత వచ్చింది.

ముందు బాట వేసి, ఆ తరువాతనే విద్యార్థిని పిలిచిన తెలుగువాడొకరు ఈ రాజధానిలో పనిచేశారు. ఆయన ఆచార్య జి. రాంరెడ్డి.

1929లో కరీంనగర్ జిల్లాలో జన్మించిన రాంరెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనాశాస్త్ర ఆచార్యుడిగా పేరు గడించారు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థ ఆయన పరిశోధనకు ప్రధాన విషయం. తరువాతి కాలంలో ఆయన నిర్మించిన సంస్థలను చూస్తే ఈ సంగతి యాదృచ్ఛికమనిపించదు. 1977 నుంచి 1982 వరకు ఆయన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. అత్యవసర పరిస్థితి ముగిసిన ఆ రోజులలో విశ్వవిద్యాలయ ఆవరణలు ఎంత ఉడుకుతుండేవో ఈ శీర్షిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఉత్తరాల ద్వారా విద్య మన దేశానికి కొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే దానిని ఆరంభించింది. ఆ తరువాత ఎన్నో విశ్వవిద్యాలయాలు అదే బాట పట్టాయి. అయితే చాలాచోట్ల జరిగింది నోట్సు కట్టలను తపాలాకు వేయడం, సంవత్సరాంతంలో పరీక్ష పెట్టడం. వచ్చిన ఫీజుల మిగులు ఆవరణలోని తరగతుల ఖర్చుకు పోయేది. ఇంటివద్ద చదివే గుమాస్తా సొమ్ముతో ఆవరణలో చదివే విద్యార్థికి రాయితీ దక్కేదన్నమాట. బ్రిటన్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1969లో వెలిసింది. 1974లో జి. పార్థసారథి అధ్యక్షతన ఏర్పడిన బృందం మనకూ అటువంటిది కావాలని సిఫారసు చేసింది. ఢిల్లీ ఆనవాయితీ ప్రకారం ఆ నివేదిక బీరువాలో నిద్రపోయింది.

దానికి ప్రాణం పోసింది హైదరాబాదు. భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రి పదవిలో ఉన్నది ఏడు నెలలు. ఆ కొద్దికాలంలోనే, 1982 ఆగస్టు 26న, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అవతరించింది. నాగార్జునసాగర్‌ను దాని కేంద్రంగా నిర్ణయించి రాంరెడ్డికి పగ్గాలు అప్పగించారు. నెల తిరగకముందే భవనం పదవి పోయింది. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు అధికారానికి వచ్చారు. గత ప్రభుత్వపు పసిబిడ్డలను కొత్త ప్రభుత్వాలు ఎలా చూస్తాయో తెలియనిది కాదు. ఈ బిడ్డ మాత్రం బతికి బట్టకట్టింది. రాంరెడ్డి రాజకీయ వైరాల మధ్య నడవగల నేర్పరి అనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఇంటర్మీడియట్ చదవనివారు సైతం అర్హత పరీక్షలో నెగ్గి డిగ్రీలో చేరవచ్చునన్నది ఆ విశ్వవిద్యాలయం తెరిచిన పెద్ద తలుపు. ఆ తలుపు వెనుక ఒక అమరిక ఉంది. పాఠాన్ని ఒక్కరు రాసి పంపడం కాదు. రచయితలు, సంపాదకులు కలిసి, ఎదుట అధ్యాపకుడు లేని విద్యార్థిని మనసులో పెట్టుకుని, తెలుగులో పుస్తకాన్ని తీర్చాలి. జిల్లాలలోని కళాశాలలలోనే అధ్యయన కేంద్రాలు నడవాలి. సెలవు రోజున అక్కడ సందేహం తీర్చే మనిషి ఉండాలి. ఆకాశవాణి పాఠాలు తోడు నిలవాలి. పంచాయతీల మీద పరిశోధన చేసిన వ్యక్తి విశ్వవిద్యాలయాన్ని కూడా తాలూకా స్థాయికి దించారని ఈ విలేఖరి అభిప్రాయం.

1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం జాతీయ స్థాయిలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, మొదటి వైస్ ఛాన్సలర్‌గా రాంరెడ్డిని ఢిల్లీకి రప్పించింది. చట్టం వచ్చిన మరునాడే ఆయన ప్రవేశాల ప్రకటన ఇవ్వలేదు. మొదటి విద్యార్థులు చేరింది 1987లో. వారి సంఖ్య 4,528. కోర్సులు రెండే: ఒకటి మేనేజ్‌మెంట్ డిప్లొమా, రెండవది దూరవిద్యలో డిప్లొమా. అంటే దూరవిద్యను నడపవలసినవారికే ముందు ఆ విద్యలో శిక్షణ. ఇంట రాసి పంపే అభ్యాసాలకు తుది ఫలితంలో వాటా ఉండటం ఈ పద్ధతిలో కీలకం. దిద్దిన కాగితం వ్యాఖ్యలతో వెనక్కి వస్తేనే అది బోధన. మార్కు మాత్రమే వస్తే అది లెక్క.

లోపం లేదని కాదు. తాను పాఠం చెబుతూనే ఇతర సార్వత్రిక విశ్వవిద్యాలయాల ప్రమాణాలను నిర్ణయించే అధికారం ఇగ్నోకు చట్టమే ఇచ్చింది. పోటీదారుడే న్యాయనిర్ణేత అయిన ఈ ఏర్పాటు తరువాత ఎన్నో వివాదాలకు తావిచ్చింది. 2013లో దూరవిద్యా మండలిని రద్దు చేసి ఆ బాధ్యతను యు.జి.సి.కి అప్పగించవలసి వచ్చింది. తొలినాటి రూపశిల్పి ఈ చిక్కును ముందే పసిగట్టి ఉండవలసింది.

1989 తరువాత ఆయన కొంతకాలం వాంకూవర్‌లోని కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ ఉపాధ్యక్షుడు. 1991లో యు.జి.సి. అధ్యక్షులయ్యారు. ఆయన హయాంలోనే, 1994లో, విశ్వవిద్యాలయాల నాణ్యతను బయటివారు వచ్చి తూచే నాక్ ఏర్పడింది. యు.జి.సి. 2020 నిబంధనలు ఆన్‌లైన్ డిగ్రీలకు పెట్టిన గీటురాళ్లలో ఆ నాక్ ఇచ్చే 3.01 మార్కు ఒకటి. ఆ మార్కు సంస్థ మొత్తానికి కొలత. ఆస్టినాబాద్‌లో ఫోను తెర ముందు కూర్చున్న విద్యార్థికి అర్థమైనదెంతో అది చెప్పదు. అతడు చేరాడా అని కాక పూర్తిచేశాడా, నడుమ మానివేస్తే ఎందుకు మానాడు అని అడిగే కొలత వేరే కావాలి.

దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ మొదలైనది 1995 ఆగస్టు 15న. అంతకు కొద్ది వారాల ముందు, జూలైలో, రాంరెడ్డి కన్నుమూశారు. ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రం నేడు ఆయన పేరుతోనే నడుస్తున్నది.