గిటారు నిర్మాత లియో ఫెండర్

ఆదోని పత్తి మార్కెట్టులో అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు గుప్పెడు పత్తి తీసి, దూదిని వేళ్ల మధ్య సాగదీసి, పింజ పొడవును, బలాన్ని క్షణంలో నిర్ణయించగలడు. ఎమ్మిగనూరు నేత ఎరిగినవారు బట్టను తిరగవేసి వెనుకవైపు చూస్తారు. పాత విద్యుత్ గిటార్లకు విలువ కట్టే పద్ధతీ దాదాపు ఇటువంటిదే. పరీక్షకులు వాయించి చూడడంతో తృప్తి పడరు; మరలు విప్పి లోపల చూస్తారు. అలా మరలు విప్పి చూడదగిన గిటారును ప్రపంచానికి అందించినవాడు లియో ఫెండర్. విచిత్రమేమంటే, ఆయనకు గిటారు వాయించడం రాదు.

లియో 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనాహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల సమీపాన నారింజ తోటలు పెంచే రైతు కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదవ యేట కంతి కారణంగా ఒక కన్ను కోల్పోయి, జీవితాంతం గాజుకన్నుతో గడిపాడు. కళాశాలలో చదివినది గణకశాస్త్రం; విద్యుత్ పరికరాల విద్య స్వయంకృషితో అబ్బినదే. ఆర్థికమాంద్యపు రోజులలో లెక్కల ఉద్యోగం పోగా, 1938లో ఆరు వందల డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచాడు. అక్కడికి సంగీతకారులు చెడిపోయిన ధ్వనివర్ధకాలు తెచ్చేవారు. ఆ పరిచయమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1946లో సొంత సంస్థను స్థాపించాడు.

అంతవరకు గిటారు అంటే సాధారణంగా డొల్లగా ఉండే పెట్టె. లియో 1950లో గట్టి చెక్కపలకతో చేసిన గిటారును విపణిలోకి తెచ్చాడు. దాని మెడను జిగురుతో అతికించక మరలతో బిగించాడు. పాడైతే మార్చుకోవచ్చునన్నది రేడియో మరమ్మతుదారుని ఆలోచన. దానికి పెట్టిన బ్రాడ్‌కాస్టర్ అనే పేరును పోలిన పేరు తమ డ్రమ్ములకు ముందే ఉన్నదని గ్రెచ్ సంస్థ అభ్యంతరం తెలుపగా, 1951లో టెలికాస్టర్‌గా మార్చవలసి వచ్చింది. మధ్యకాలంలో ముద్రలోని ఆ పేరును కత్తిరించి గిటార్లు పంపారు. నాడు ఇబ్బందికి ఆనవాలైన ఆ పేరులేని గిటార్లకే నేడు విపరీతమైన గిరాకీ! 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడింది. తాను వాయించలేడు గనుక లియో ప్రతి నమూనాను వాద్యకారుల చేతికిచ్చి, వారి ఫిర్యాదులను ఓపికగా విని దిద్దేవాడు. నా దృష్టిలో ఆయన ప్రతిభకు మూలం ఆ వినడమే.

ఇక పరీక్ష సంగతి. మెడ విప్పితే దాని మడమపై పెన్సిలుతో వ్రాసిన తేదీ కనిపించవచ్చు. ధ్వని హెచ్చుతగ్గులను సర్దే భాగాలపై ముద్రించిన అంకెలు వాటి తయారీ సంవత్సరాన్ని, వారాన్ని తెలుపుతాయి. ఆ భాగాలు అసలువే అయితే గిటారు వాటికంటె ముందుది కాజాలదు. వెనుక పలకపై అంకె ఒక్కటే సాక్ష్యం కాదు, పలకను మార్చడం అతి సులభం. తీగల కింది అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. మన నేత ఇండ్లలో కండెలు చుట్టినట్లే, తొలినాళ్లలో ఆ తీగను చేతివేళ్లతో నడిపేవారు కాబట్టి ఏ రెండింటి ధ్వనీ ఒకటి కాదు. రోజ్‌వుడ్‌తో చేసే మెడ పలకలకు మొదట బ్రెజిల్ కలపను వాడి, 1960ల నడుమ నుండి మన దేశపు రోజ్‌వుడ్‌కు మారారు. రంగు మళ్లీ వేయించినది ఎంత నిగనిగలాడినా విలువ సుమారు సగానికి పడిపోతుంది. అరిగిన అసలు రంగే మేలు. మరలతో విడివడే నిర్మాణం పరీక్షకు ఎంత అనుకూలమో, నాలుగు గిటార్ల భాగాలను ఒక్కటిగా కూర్చే మోసానికీ అంతే అనుకూలమని చెప్పక తప్పదు.

దీర్ఘకాలం వేధించిన అనారోగ్యం వల్ల తనకు ఆయువు లేదని తలచి, లియో 1965 జనవరిలో సంస్థను సి.బి.ఎస్.కు కోటి ముప్పది లక్షల డాలర్లకు అమ్మివేశాడు. తరువాత వైద్యం ఫలించి కోలుకున్నాడు. సంస్థ మాత్రం చేయి దాటిపోయింది. ఆ తేదీయే గిటార్ల విపణిలో సరిహద్దుగా నిలిచింది: ముందువి అమూల్యాలు, తరువాతవి సామాన్యాలు. ఈ తీర్పు పూర్తిగా న్యాయమైనది కాదు. డేవిడ్ గిల్మర్ 1970లో కొన్న నల్లని స్ట్రాటోకాస్టర్ ఆ తరువాతి కాలానిదే; దాని భాగాలను పలుమార్లు మార్చారు కూడా. అయినా 2019 జూన్ వేలంలో అది 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. వాయించిన చేతికి కట్టిన వెల అది.

లియో అభిప్రాయం వేరు. మ్యూజిక్ మ్యాన్ సంస్థలో కొంతకాలం పనిచేసి, పిదప పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ సంస్థను నెలకొల్పాడు. అక్కడ చేసినవే తన వాద్యాలన్నింటిలోకి ఉత్తమమైనవని ఆయన దృఢవిశ్వాసం. విపణి ఆ మాట నేటికీ అంగీకరించలేదు. వాటి ధరలు 1950ల గిటార్ల దరిదాపులకైనా రాలేదు. పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్నా పనిబల్లను విడువక, కడపటి రోజులవరకు కార్ఖానాకు వస్తూనే 1991 మార్చి 21న కన్నుమూశాడు. ఆయన పనిగదిని సహచరులు యథాతథంగా భద్రపరిచారు.