బాబా అల్లావుద్దీన్ ఖాన్

లలితకళలు కలిగినవారి సొత్తు అన్న భావం మనలో ఇంకా తొలగిపోలేదు. అట్టి విద్యార్థి మిత్రులకు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ జీవితాన్ని పరిచయం చేయాలని మా అభిలాష.

తూర్పు బెంగాలులోని శివపూర్ గ్రామంలో జన్మించిన ఆయన, సంగీతంపై మక్కువతో బాల్యంలోనే ఇల్లు విడిచి కలకత్తా చేరారు. అన్నసత్రాలలో ఆకలి తీర్చుకుంటూ విద్య నభ్యసించారు. ఆనాడు ఘరానా విద్యను సొంత సంతానానికే దాచుకోవడం పరిపాటి. రాంపూర్ ఆస్థాన విద్వాంసులైన ఉస్తాద్ వజీర్ ఖాన్ వద్ద అసలు విద్య లభించడానికి ఆయన ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది.

ఆ బాధ నెరిగినవారు కనుకనే, మైహర్ ఆస్థాన సంగీత గురువైన పిమ్మట, 1918 నాటి మహమ్మారిలో తల్లిదండ్రులను కోల్పోయిన బాలలను చేరదీసి వాద్యాలు నేర్పారు. అదే మైహర్ బ్యాండు. దానికోసం తుపాకీ గొట్టాలతో నల్ తరంగ్ అనే వాద్యాన్ని సైతం రూపొందించారు.

అట్టి ఆయనా ఒకచోట వెనుకాడారు. పెద్ద కుమార్తెకు సంగీతం మూలంగా అత్తవారింట కష్టాలు కలగడంతో, చిన్న కుమార్తె అన్నపూర్ణకు నేర్పరాదని నిశ్చయించుకున్నారు. అన్న అలీ అక్బర్ సాధనలోని తప్పును ఆ బాలిక సరిదిద్దుతుండగా విని, తన నిశ్చయాన్ని మార్చుకున్నారు. ఆమె సుర్‌బహార్ వాద్యంలో అసమాన విదుషీమణి అయ్యారు.

1971లో పద్మవిభూషణ్ పొందిన ఆ మహనీయుడు 1972లో కన్నుమూశారు. ప్రతిభ ఏ ఇంట పుట్టునో ముందుగా ఎవరికీ తెలియదు. కనుక మన కళాశాలలోనూ కళల వాకిలి అందరికీ తెరచి ఉంచవలసిందిగా పెద్దలను కోరుతున్నాము. లోనికి అడుగిడవలసినవారు విద్యార్థులే.