గణిత తపస్వి ఆయిలర్

లియొనార్డ్ ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుమారుడు కూడా ఆ వృత్తినే స్వీకరించాలని ఆయన కోరిక. కాని ప్రసిద్ధ గణితవేత్త యోహాన్ బెర్నూలీ ఆ బాలుని ప్రతిభను గుర్తించి తండ్రిని ఒప్పించాడు. 1727లో ఆయిలర్ నాటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని విజ్ఞాన పరిషత్తులో చేరాడు.

ఎంతటివారు చెప్పినా నిరూపణ లేనిదే ఆయన అంగీకరించేవాడు కాడు. 429,49,67,297 ప్రధాన సంఖ్య అని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా విశ్వసించాడు. ఆ మాటను తొంభై ఏళ్ళపాటు ఎవరూ ఖండించలేకపోయారు. 1732లో పాతికేళ్ళ ఆయిలర్ ఆ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు.

అటువంటి చిక్కుముడి మరొకటి ఉంది. ముప్పైయొక్క రెండ్లను గుణించి, వచ్చిన లబ్ధం నుండి 1 తీసివేస్తే 214,74,83,647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ ప్రకటించాడు కాని నిరూపణ చూపలేదు. ఆయన పట్టికలోని మరి రెండు సంఖ్యలు ప్రధాన సంఖ్యలు కావని తరువాతి కాలంలో తేలింది కూడా.

ఆయిలర్ ఈ సంఖ్య సంగతి తేల్చేనాటికి ఆయనకు చూపు లేదు. కుడికంటి చూపు యౌవనంలోనే పోయింది. ఎడమకంటికి పొర కమ్మగా 1771లో శస్త్రచికిత్స జరిగింది. తిరిగి వచ్చిన చూపు కొద్దికాలానికే శాశ్వతంగా పోయింది. అదే ఏడాది అగ్నిప్రమాదంలో ఇల్లు దగ్ధమైంది. బాసెల్‌కే చెందిన ఒక సాహసి మంటల్లోకి చొరబడి ఆయనను మోసుకొచ్చాడు. మొదటి నూరు ప్రధాన సంఖ్యల ఆరవ ఘాతాల వరకు ఆయనకు కంఠస్థమని ప్రతీతి. ఆయన నోట చెబుతుంటే కుమారుడు, సహాయకులు వ్రాసుకొనేవారు.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాకపోతే, దాని వర్గమూలానికి లోపల ఒక భాజకం ఉండి తీరాలి. ఇక్కడ వర్గమూలం 46,340 దాటుతుంది. ఆ లోపు ప్రధాన సంఖ్యలు నాలుగున్నర వేలకు పైగా ఉన్నాయి. అన్నింటితో భాగించి చూడటం కళ్ళున్నవారికే ప్రయాస. ఆయిలర్ ముందుగా ఆలోచనతో ఆ శ్రమను కుదించాడు. ఈ సంఖ్యకు ప్రధాన భాజకమంటూ ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని కావాలని కనుగొన్నాడు. అటువంటి సంఖ్యలు నాలుగు వందలలోపే. వాటిలో ప్రధాన సంఖ్యలు నూరైనా లేవు. వాటిలో ఏదీ దానిని నిశ్శేషంగా భాగించలేదు. 1772లో బెర్లిన్‌లోని మూడవ యోహాన్ బెర్నూలీకి ఆయన ఈ ఫలితాన్ని లేఖలో తెలియజేశాడు.

దీని నుండి పందొమ్మిది అంకెల పరిపూర్ణ సంఖ్య కూడా లభించింది. 1, 2, 3 కలిస్తే 6 అయినట్లు, తాను తప్ప తక్కిన భాజకాల మొత్తానికి సమానమయ్యేదే పరిపూర్ణ సంఖ్య.

ఆయిలర్ 1783 సెప్టెంబరు 18న మరణించాడు. ఆయనకు దొరికిన దానికంటె పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎన్నడూ ఎవరూ కనుగొనబోరని 1811లో ఆంగ్ల గణితవేత్త బార్లో వ్రాశాడు. ఆ జోస్యం ఫలించలేదు. 1876లో ఫ్రాన్సుకు చెందిన లూకాస్ ముప్పైతొమ్మిది అంకెల ప్రధాన సంఖ్యను నిరూపించాడు. భాజకాలను ఒక్కొక్కటిగా పరీక్షించే పని లేని కొత్త మార్గం ఆయనది.